వరుస తెలియని భోజనం

నగరంలోని ఒక ఇటాలియన్ రెస్టారెంట్లో నేను చేసిన చిన్న పొరపాటుతో ఇదంతా మొదలైంది. ఆ రోజు పుట్టగొడుగుల రిసోట్టో (జారుగా వండే ఇటాలియన్ అన్నం), నిమ్మరసంతో వండిన చేప ముక్క చెప్పి, రెండింటినీ ఒకేసారి తెమ్మన్నాను. తల నెరిసిన వెయిటర్ కలం ఆపి, "కలిపే తెమ్మంటారా?" అని మర్యాదగా అడిగి, నేను ఔననగానే రాసుకుని వెళ్ళిపోయాడు. ఈ ముద్ద అందులోంచి, ఆ ముద్ద ఇందులోంచి తింటూ ఉండగానే, పళ్ళెంలో జారుతూ ఉండవలసిన రిసోట్టో చల్లారి బిగుసుకుపోయింది. చేపలోని నిమ్మ పులుపు రిసోట్టోలోని చీజ్ రుచిని చెరిపివేసింది. వంటవారి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. వేరువేరుగా తినవలసిన రెండింటిని నేనే ఒకచోటికి తెచ్చి పాడుచేసుకున్నాను.

బిల్లు తెచ్చినప్పుడు, ఆయన మొదట ఎందుకు ఆగాడో అడిగాను. ముందు ఆంటిపాస్తో అనే చిరుతిళ్ళు, తరువాత పాస్తా గాని రిసోట్టో గాని ఉండే ప్రీమో, ఆ పళ్ళెం తీసేశాక మాంసమో చేపో ఉండే సెకొందో, దానికి తోడుగా కూరగాయల కొంతోర్నో, చివర తీపి వస్తాయని ఓపికగా వివరించాడు. "అన్నీ తినాలని లేదు, రెండు తిన్నా చాలు. కానీ ఏది ముందో ఏది వెనకో చూసుకోండి" అన్నాడు. పాస్తా అనేది మాంసానికి పక్కన పెట్టే తోడు కాదని, దానికంటూ ఒక పళ్ళెం, ఒక సమయం ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి వెళ్ళే దారిలో ఆలోచిస్తే కొంచెం సిగ్గనిపించింది. ఎన్నో ఏళ్ళుగా ప్రపంచ దేశాల వంటలు రుచి చూస్తున్నానని చెప్పుకుంటూ వచ్చాను గాని, నిజానికి అన్ని దేశాల వంటలనూ ఒకే అలవాటుతో తింటూ వచ్చాను: మొదట ఒక సూప్, తరువాత నంజుకోవడానికి ఏదో ఒకటి, ఆపైన ఒక ప్రధాన వంటకం, చివర ఒక తీపి. వంటకం మారేది, తినే తీరు మాత్రం మారేది కాదు. ఆ రాత్రే మా ఆవిడతో కలిసి ఒక ఒప్పందానికి వచ్చాను. ఏడాది పాటు నెలకొక దేశపు రెస్టారెంటుకు వెళ్ళాలి. ఫోటోలు చూసి వంటకాలు ఎంచుకోకూడదు. కూర్చోగానే, "ఈ భోజనాన్ని మీ దగ్గర ఏ వరుసలో తింటారు?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు ప్రకారమే ఆర్డర్ ఇవ్వాలి.

ఈ ప్రశ్నకు సరైన జవాబు రావాలంటే సరైన వేళకు వెళ్ళాలని మొదటి నెలలోనే బోధపడింది. శనివారం రాత్రి ఎనిమిది గంటలకు వెయిటర్‌ను నిలబెట్టి భోజన మర్యాదలు అడిగితే, ఆయన చూపు మన మీద కాక మన వెనక ఎదురుచూస్తున్న వారి మీద ఉంటుంది. అందువల్ల పనిదినాలలో, తలుపులు తెరిచిన మొదటి అరగంటలోనే బల్ల బుక్ చేసుకోవడం అలవాటు చేసుకున్నాము. మా ఆవిడ శాకాహారి కనుక ఆ సంగతి కూడా బుకింగ్ చేసేటప్పుడే చెప్పేవాళ్ళం. వెళ్ళి కూర్చున్నాక చెబితే వంటగదిలో చేయగలిగింది తక్కువ, ఎందుకంటే సాస్‌లు, మరిగించిన రసాలు ఉదయమే తయారై ఉంటాయి.

సూప్, ప్రధాన వంటకం, తీపి అనే వరుస సహజమైనదనే నా భ్రమ కూడా ఈ ప్రయత్నంలోనే పోయింది. యూరప్ సంపన్నుల విందుల్లో ఒకప్పుడు ఫ్రెంచి పద్ధతి నడిచేది. ఒక్కొక్క విడతలో అనేక వంటకాలను ఒకేసారి బల్ల మీద అమర్చేవారు, అతిథులు తమకు అందినవాటిని తీసుకునేవారు. ఒకదాని తరువాత ఒకటిగా ప్రతి ఒక్కరికీ వేరుగా వడ్డించే పద్ధతి అక్కడ బాగా వ్యాపించింది 19వ శతాబ్దంలోనే. దానికి రష్యన్ వడ్డన అని పేరు. మెనూలో కనిపించే 'ఆంట్రే' అనే మాట సైతం ఈ తికమకకు గుర్తుగా మిగిలింది. ఫ్రాన్సులో అది భోజనానికి ముందు తినే చిన్న వంటకం, అమెరికాలో అదే మాటకు ప్రధాన వంటకమని అర్థం. ఒక ఫ్రెంచి రెస్టారెంట్లో ఆంట్రే ఒక్కటే చెప్పి, నాలుగు ముద్దల పళ్ళెం చూసి నేను తెల్లబోవడానికి ఇదే కారణం.

రెండో నెలలో థాయ్ రెస్టారెంటుకు వెళ్ళాము. అంతకు మునుపు నేను టామ్ యమ్‌ను ఆకలి పుట్టించే సూప్‌గా, ఒక్కణ్ణే ఒక గిన్నె ముందు పెట్టుకుని తాగేవాడిని. పులుపూ కారమూ గొంతుకు తగిలి, సగం కాకుండానే నోరు అలసిపోయేది. మా ప్రశ్నకు అక్కడి అమ్మాయి నవ్వి, వరుస అంటూ ఏమీ లేదని, అన్నీ ఒకేసారి బల్ల మీదికి వస్తాయని, అందరూ పంచుకుంటారని చెప్పింది. ఒక పులుసు, ఒక కూర, ఒక వేపుడు, ఒక సలాడ్ ఉండాలి. వాటి మధ్య అన్నం ఉండాలి. రెండు చెంచాల పులుసు తాగి, అన్నం తిని, కొబ్బరిపాల కూర తగిలించి, మళ్ళీ పులుసు దగ్గరికి రావాలి. ఆ రీతిలో తిన్నప్పుడు ఒకదాని కారాన్ని ఇంకొకదాని తీపి సర్దింది. ఒక్కొక్క వంటకం ఎందుకంత తీవ్రంగా ఉంటుందో అప్పుడు అర్థమైంది. విడిగా తినడానికి కాదు, అన్నంతోనూ పక్కవాటితోనూ తినడానికే దాన్ని వండారు.

అక్కడే మరో రెండు తప్పులు దిద్దుకున్నాను. చాప్‌స్టిక్స్ కావాలని అడిగితే, అన్నంతో తినేటప్పుడు చెంచా, ఫోర్క్ చాలునని, నూడిల్స్‌కు మాత్రమే పుల్లలని చెప్పారు. ఫోర్క్ నోటికి వెళ్ళదు, ఆహారాన్ని చెంచాలోకి తోయడానికే అది ఉంది. పులుసులో తేలే నిమ్మగడ్డి ముక్కలనూ, అల్లాన్ని పోలిన గాలంగల్ చెక్కలనూ అన్నాళ్ళుగా నేను పట్టుదలగా నమిలి మింగుతూ వచ్చాను. అవి వాసన కోసం వేసినవి, పక్కకు తీసిపెట్టవలసినవి. అదే పులుసులో చేప సాస్ కూడా ఉంటుంది. కూరగాయలతో చేసినదని మెనూలో రాసి ఉన్నా, చేప సాస్ లేకుండా చేయగలరా అని మా ఆవిడ విడిగా అడగవలసి వచ్చింది, చేయగలమన్నారు.

ఏడాది మొత్తంలో నాకు ఎక్కువగా నచ్చినది ఇథియోపియన్ భోజనం. బుధవారం వెళ్ళడం కాకతాళీయంగా మేలు చేసింది. ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ దీర్ఘమైన ఉపవాస కాలాల్లోనూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందువల్ల పప్పులు, ఆకుకూరలు, శనగపిండితో వండే పూర్తి శాకాహారం ఆ వంటలో విస్తారంగా ఉంది. శాకాహార పళ్ళెం కోసం బతిమాలవలసిన పని లేకుండా, మెనూలో సగం తనకే రాసినట్టు ఉండడం మా ఆవిడకు అదే మొదటిసారి.

పెద్ద గుండ్రని పళ్ళెం ఒక్కటే వచ్చింది. తెఫ్ అనే సన్నని ధాన్యపు పిండిని కొన్ని రోజులు పులియబెట్టి కాల్చిన ఇంజెరా దాని నిండా పరిచి ఉంది. దాని మీద ఎర్రని పప్పు, పచ్చని ఆకుకూర, పసుపు రంగు క్యాబేజీ, శనగపిండితో వండిన షిరో కుప్పలుగా ఉన్నాయి. నేను అలవాటు కొద్దీ రెండు ఖాళీ పళ్ళాలు అడిగాను. వడ్డించే ఆమె, "ఇదే మీ ఇద్దరి పళ్ళెం" అంది. చుట్టి పెట్టిన ఇంజెరాను కుడి చేత్తో చింపి, కూరను దానితో పట్టి తినాలి. అంచుల నుంచి లోపలికి వెళ్ళాలి. అడుగున పరిచిన ఇంజెరా అంతసేపూ కూరల రసం పీల్చుకుంటూ ఉంటుంది. చివరికి అదే పళ్ళెంలోకెల్లా రుచికరమైన భాగం. ఈ సంగతి తెలియక పక్క బల్ల వారు పై కూరలన్నీ తిని, అడుగున ఉన్నదాన్ని తుడిచే గుడ్డ అనుకున్నారో ఏమో, అలాగే వదిలి లేచారు. వారిని చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఆమె చెప్పకపోతే నేనూ అదే చేసేవాడిని.

భోజనం మధ్యలో ఆమె ఒక ముద్ద చుట్టి, "గుర్షా చేసుకోండి" అని మా ఆవిడ చేతికి ఇచ్చింది. ఆప్యాయతతో ఒకరి నోటికి మరొకరు ముద్ద అందించడాన్ని గుర్షా అంటారు. నలుగురి ముందు నోరు తెరవడానికి నేను కాసేపు మొహమాటపడ్డాను. ముద్ద చాలా పెద్దది, అంత పెద్దగా ఉండడమే మర్యాదట. తరువాత కాఫీ అడిగాను. ఐదు నిమిషాల్లో కప్పు వస్తుందనుకుంటే, పచ్చి గింజలు పెనం మీద వేయించి, పొగ వాసన చూపించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి తెచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. ఒకే పొడిని మళ్ళీ మళ్ళీ కాచి మూడు విడతలుగా పోస్తారు. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. రెండోదానితో లేవబోతే, మూడోది ఆశీర్వాదమని, దాన్ని వదలకూడదని ఆపేశారు. కాఫీని భోజనానికి ముగింపు అనుకున్నాను గాని, అక్కడ అది మరో సమావేశానికి ఆరంభం. వెళ్ళేవారు ఆ సాయంత్రానికి మరే పనీ పెట్టుకోకుండా వెళ్ళడం మంచిది.

జపనీస్ రెస్టారెంటును కావాలనే వాయిదా వేస్తూ వచ్చాను, ఎందుకంటే తప్పులు చేయడానికి అక్కడ ఉన్నంత అవకాశం మరెక్కడా లేదని విన్నాను. మేము ఎంచుకున్నది ఎనిమిది కుర్చీలున్న సుషీ కౌంటర్. ఒమకాసె, అంటే ఏమి పెట్టాలో వంటవారికే వదిలేయడం. ఆర్డర్ ఇచ్చే పనే లేదు కనుక నా ప్రశ్న కూడా వృథా అయింది. వారిచ్చిన వరుసే వరుస. ఆలస్యంగా రావద్దని బుకింగ్‌లోనే గట్టిగా చెప్పారు. అందరికీ ఒకేసారి మొదలవుతుంది కాబట్టి, ఒకరు పది నిమిషాలు ఆలస్యమైతే మిగతా ఏడుగురి అన్నం వేడి తగ్గిపోతుంది. సుషీ అన్న మాటకు అసలు ఆధారం చేప కాదు, వెనిగర్ కలిపిన అన్నం. ఆ అన్నం గోరువెచ్చగా ఉండగా, చేతికిచ్చిన వెంటనే తినాలి. ఫోటో తీసుకుంటూ ఉండిపోయిన నన్ను చూసి వంటవారు ఏమీ అనలేదు గాని, తరువాతి ముక్క చేయడం ఆపి, నేను తినేదాకా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. నాకు అంతకన్నా వేరే చెప్పనవసరం లేకపోయింది.

అంతవరకు నేను సోయా సాస్‌లో ఘాటైన వసాబి ముద్ద కలిపి, అన్నం వైపు ముంచి, పైన అల్లం ముక్క పెట్టుకుని తినేవాడిని. అన్నం వైపు ముంచితే సాస్‌ను విపరీతంగా పీల్చుకుని విడిపోతుంది. చేప వైపు కొద్దిగా తాకించాలి, చేత్తో తిన్నా తప్పు లేదు. అల్లం ఒక ముక్కకూ మరో ముక్కకూ మధ్య నోరు శుభ్రం కావడానికి. కావలసినంత వసాబి వంటవారే లోపల రాసి ఇస్తారు. చవక రెస్టారెంట్లలో పచ్చటి ముద్దగా దొరికేది చాలావరకు హార్స్‌రాడిష్ అనే మరో ఘాటైన వేరుకు రంగు వేసినదే. అసలు వసాబి దుంపను అప్పటికప్పుడు తురమాలి, ఆ ఘాటు కొద్ది నిమిషాల్లోనే ఎగిరిపోతుంది. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ఆహారం అందించడం అంత్యక్రియలను గుర్తుచేస్తాయని మాత్రం నేను ముందే తెలుసుకుని వెళ్ళాను.

చేపే రాజ్యమేలే ఆ కౌంటర్లో మా ఆవిడకు ఏమి దొరుకుతుందో అని భయపడ్డాను. జపనీస్ వంటకు మూలమైన దాషి రసంలో సాధారణంగా కోంబు అనే సముద్రపు నాచుతో పాటు ఎండబెట్టిన బోనిటో చేప రేకులు ఉంటాయి. కంటికి కనపడదు కాబట్టి, చేప లేని కూరగాయ అనుకుని తిన్నదానిలో కూడా అది ఉండవచ్చు. వారం ముందే చెప్పినందువల్ల, బౌద్ధ ఆలయ వంటలో వాడినట్టు కోంబు, ఎండు శిటాకె పుట్టగొడుగులతో విడిగా రసం కాచి ఉంచారు. 1908లో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఉమామి అనే రుచిని గుర్తించింది ఈ కోంబు రసంలోనే. పుట్టగొడుగు, వంకాయ, తీపి గుమ్మడి ఆ రసంలో ఉడికి ఒక్కొక్కటిగా వచ్చాయి. నిజం చెప్పాలంటే, నా చేపలకన్నా తన పళ్ళాలే బాగున్నాయని అనిపించింది. ఒకటి రుచి చూడమని తను ఇవ్వబోతే పుల్లలు చాచి, నియమం గుర్తొచ్చి, పళ్ళెం జరపమన్నాను.

సిచువాన్ భోజనం నాడు మరో రకం గండం ఎదురైంది. మూడో ముద్దకే పెదవులు తిమ్మిరెక్కి, అవి నావి కావేమో అన్నట్టయింది. అలర్జీ అనుకుని కంగారుపడ్డాను. అది సిచువాన్ మిరియం పని. మిరపకాయ మంట పుట్టిస్తే, ఈ మిరియంలోని సాన్‌షూల్ అనే పదార్థం చర్మంలోని స్పర్శ నాడులను రేపి జివజివలాడిస్తుంది. 2013లో లండన్ పరిశోధకులు ఈ కంపనాన్ని కొలిచి, అది సెకనుకు దాదాపు 50 సార్లు కొట్టుకునే ప్రకంపనంలా తోస్తుందని కనుగొన్నారు. అసలు తప్పు నేను ఎంచుకున్న తీరులో ఉంది. మెనూలో మిరపకాయ బొమ్మలు ఎక్కువగా ఉన్న నాలుగు వంటకాలను ఏరి చెప్పాను. అక్కడి వారు ఒక ఘాటైన వంటకానికి ఒక చప్పిడి ఆకుకూర, ఒక తేలిక సూప్, అన్నం జోడిస్తారు. మంట తగ్గడానికి నీళ్ళు తాగినా ఫలితం ఉండదు, మిరపకాయలోని కాప్సైసిన్ నీటిలో కరగదు. రెండు గిన్నెల అన్నం తెప్పించుకుని ఎలాగో బయటపడ్డాము.

కొరియన్ రెస్టారెంటు గురించి చెప్పవలసినది తక్కువ, నా పిరికితనం గురించే ఎక్కువ. మేము చెప్పింది ఒక బిబింబాప్ (కూరగాయలు పేర్చిన అన్నం), ఒక టోఫు పులుసు. ముందుగా కిమ్చీ, మొలకలు, పాలకూర అంటూ ఏడు చిన్న గిన్నెలు వచ్చేసరికి, పొరపాటున వేరొకరివి తెచ్చారేమో, బిల్లులో కలుపుతారేమో అని పది నిమిషాలు వాటిని ముట్టలేదు. అవి భోజనంలో భాగంగా వచ్చే బాంచన్. ఖాళీ అయితే మళ్ళీ తెస్తారు. లెబనీస్ మెజ్జే నాడు దీనికి సరిగ్గా విరుద్ధంగా జరిగింది. చిన్న గిన్నెలే కదా అని తొమ్మిది రకాలు చెప్పాను. హమ్మస్, వంకాయ ముద్ద, గోధుమ రవ్వ కన్నా పార్స్లీ ఆకే ఎక్కువగా ఉండే తబ్బూలే, వాటి వెంట తరిగిపోని రొట్టెలు వచ్చాయి. తరువాత తెచ్చిన కాల్చిన మాంసాన్ని చూడడానికి కూడా కడుపులో చోటు లేదు.

ఇలా వరుసలు నేర్చుకుంటూ పోతే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. మెక్సికన్ రెస్టారెంట్లో అది నాకు పట్టింది. 'అసలైనది' ఏదో నాకు తెలుసన్న గర్వం తలకెక్కింది. కార్బొనారా అనే పాస్తాలో క్రీమ్ ఉండదని, గుడ్డు, పెకొరీనో చీజ్, పంది చెంప మాంసం, మిరియాలే ఉంటాయని అప్పటికే ఇద్దరు మిత్రులకు ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. అల్ పాస్తోర్ టాకో తింటూ, ఇది పురాతన మెక్సికో రుచి అని మా ఆవిడకు చెప్పబోతే, కౌంటర్ వెనక నిలువు ఊచకు గుచ్చి తిరుగుతున్న మాంసాన్ని తను చూపించి, "ఇది లెబనీస్ వారి షవర్మాలా లేదూ?" అంది. ఆమె మాటే సరి. లెబనాన్ నుంచి వలస వెళ్ళినవారు తీసుకుపోయిన షవర్మా అక్కడి మిరప పూతతోనూ మొక్కజొన్న టోర్టియాతోనూ కలిసి అల్ పాస్తోర్ అయింది. పెరూ తీరంలో జపనీస్ వలసదారుల చేతుల్లో నిక్కెయ్ వంట పుట్టిన తీరు కూడా ఇదే. అప్పటి నుంచి అసలు, నకిలీ అనే మాటలు వాడడం తగ్గించాను. కార్బొనారాలో క్రీమ్ విషయంలో మాత్రం ఇంకా రాజీపడలేదు.

బిల్లు దగ్గర కూడా కొన్ని సంగతులు తెలియాలి. ఇటలీలో చాలాచోట్ల ప్రతి మనిషికీ కొపెర్తో అనే చిన్న రుసుము ఉంటుంది, ఫ్రాన్సులో సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది, జపాన్‌లో టిప్ ఇచ్చే ఆనవాయితీ లేదు, అమెరికాలో ఇవ్వకపోతే అవమానించినట్టే. అయితే ఆ దేశం వంట వడ్డించినంత మాత్రాన ఆ దేశం పద్ధతే ఇక్కడ చెల్లుతుందని అనుకోకూడదు. టిప్ రెస్టారెంటు ఉన్న ఊరి ఆచారాన్ని బట్టి ఉంటుంది. సుషీ కౌంటర్లో టిప్ ఇవ్వడం అగౌరవమేమో అని వెనకాడుతుంటే, బిల్లు అడుగున సేవా రుసుము అప్పటికే కలిపి ఉంది.

ఏడాది ముగిసిన నెలలో మళ్ళీ ఆ ఇటాలియన్ రెస్టారెంటుకే వెళ్ళాము. అదే తల నెరిసిన వెయిటర్ వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ప్రీమోకు అదే పుట్టగొడుగుల రిసోట్టో, అది ముగిశాకనే సెకొందోకు అదే చేప, తోడుగా ఆకుకూర కొంతోర్నో అని, పరీక్ష రాసే పిల్లవాడిలా వరుస తప్పకుండా చెప్పాను. ఆయన కలం ఎక్కడా ఆగలేదు. రిసోట్టో పళ్ళెంలో పలచగా పరుచుకుని వచ్చింది, వేడి తగ్గకముందే ముగించాను. పళ్ళెం తీశాక చేప వచ్చింది, నిమ్మ వాసన దేనితోనూ పోట్లాడకుండా తిన్నగా తెలిసింది. తీపి కూడా అయ్యాక, కాఫీ ఏమి తెమ్మంటారని అడిగాడు. నేను ఎస్‌ప్రెస్సో చెప్పాను. మా ఆవిడ కపుచినో అంది. కపుచినో ఇటాలియన్లకు ఉదయపు పానీయం, భోజనం తరువాత తాగరు. ఆయన కలం ఆపి, ఆమెను కాక నన్ను చూశాడు. ఈసారి నేనేమీ మాట్లాడలేదు. "కపుచినోయే" అంది తను మళ్ళీ. ఆయన రాసుకుని వెళ్ళి, ఆ కప్పు మీద నురగతో ఒక ఆకు బొమ్మ కూడా వేయించి తెచ్చాడు.